పోయినామె పలికిన పొద్దు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పలాసలో మా మావకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున్నే మైకులో పేర్లు పిలవడం అక్కడి రివాజు. పొగమంచూ, జీడిపిక్కలు కాల్చిన పొగా కలిసిపోయి, పీటల మీద కూర్చున్న ఆడవాళ్లు కనబడేవారు కాదు, గొంతులే వినబడేవి. మూడు పిలుపులకూ పలకకపోతే ఆ పీట గేటు దగ్గర కాచుకున్న మరొకరిది.

నేను కంప్యూటర్లో తీసిన జాబితాతో అది మొదటిరోజు. మేస్త్రి పిలవకూడని పేర్లు రెండు పిలిచాడు. పెళ్లై టెక్కలి వెళ్లిపోయినామె పలకలేదు. ఈమధ్యే కిడ్నీలు పాడై చనిపోయిన ఉద్దానం ఆమె మాత్రం "ఉన్నానండి" అంది. ఆమె గొంతే. మేస్త్రి చేతిలో మైకు జారి కుయ్యిమంది.

"అల్లుడూ, ఆలిద్దర్నీ తీసేయమన్నాను గదేటి?" అన్నాడు మావ.

తీసేశాను. కంప్యూటర్ నేర్చుకునే చోట, లైనక్సు మీద రాసిన స్క్రిప్టు అది: ఈ పేరు గానీ ఆ పేరు గానీ ఉన్న వరసను తీసెయ్ అని. అక్కడ తీసేసింది. మావ సెకండ్‌హ్యాండులో కొన్న పాత యూనిక్స్ కంప్యూటర్ పెట్టెకి నా 'గానీ' గుర్తు తెలియదు. ఆ గుర్తూ పేరులో భాగమే అనుకుని, రెండు పేర్లూ కలిపి ఒకే పేరుగా వెతికి, దొరక్క, కిక్కురుమనకుండా అందరినీ ఉంచేసింది. దయ్యాలైనా కాస్త చప్పుడు చేస్తాయి.

పలికిందెవరో చూద్దామని పొగలోకి వెళ్లాను. చనిపోయినామె కూతురు. తల్లి పీట కూతురికి రావడం అక్కడి అలవాటు. పేరు మారేదాకా తల్లి పేరుకే పలకాలి. దినం కాగానే, ఎవరికీ చెప్పకుండా ఆ పొద్దునే వచ్చి కూర్చుంది.

"అన్నా, అమ్మ పేరు తీసేత్తే నా పీట పోద్దేటి?"

"పోదు. నీ పేరు ఎక్కిత్తాను."

"మరి అమ్మని ఇంకెవులు పిలుత్తారు?"

పెట్టె దగ్గరికి తిరిగొచ్చాను.

'గానీ'ని మానేసి, ఒక్కో పేరుకి ఒక్కో ఆజ్ఞ విడిగా రాశాను. అది ఏ యూనిక్సుకైనా అర్థమవుతుంది. తల్లి పేరున్న చోట కూతురి పేరు పెట్టాను. రెండు పెట్టెల మీదా నడిపి పోల్చాను. తేడా లేదు.

మర్నాడు మేస్త్రి కొత్త పేరు పిలిచాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. పొగలో దగ్గులు కూడా ఆగిపోయాయి. గేటు దగ్గర ఎవరో అడుగు ముందుకేశారు. మూడో పిలుపుకి పక్కపీట ఆమె గొంతు: "ఓలమ్మీ, పలకవేటే. నిన్నే."

"ఉన్నానండి."

నిన్నటి గొంతే, అచ్చం తల్లిదే. మేస్త్రి ఈసారి మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. నేను జాబితాలో కూతురి పేరు పక్కన టిక్కు పెట్టాను.