అక్క ఇంటి గోడ దూకిన వకీలు

జమ్మలమడుగు కోర్టులో ఆత్మరక్షణ హక్కు మీద నేను వాదన మొదలుపెడితే తిరిగే ఫ్యాన్లు కూడా ఆగి వింటాయని నా నమ్మకం. అంత నోరు నాది. పులివెందులలో ఒంటరిగా ఉండే మా అక్కకూ ఆ నోటితోనే పాఠం చెప్పాను. బావ చనిపోయినప్పటి నుంచి ఆమె మరుదులు ఆ ఇల్లు ఖాళీ చెయ్యమని సతాయిస్తున్నారు. ఇంట్లోకి జొరబడితే కొట్టవచ్చా అని అడిగింది. దౌర్జన్యంగా వస్తే కొట్టవచ్చు, మనిషి పడిపోయాక మాత్రం ఇంకో దెబ్బ వెయ్యకూడదు, చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది అని చెప్పి, మజ్జిగ తాగి వచ్చాను.

కొన్నాళ్లకు ఆ మరుదులే నన్ను ప్రొద్దుటూరుకు భోజనానికి పిలిచారు. మా వైపు ఆడమనిషిని రాజీకి ఒప్పించాలంటే ముందు పుట్టింటి మగవాణ్ణి పట్టుకుంటారు. సంగటీ నాటుకోడి పులుసూ వడ్డిస్తూ, పెద్దమనిషివి, నీ మాట ఆమె తీసెయ్యదన్నారు. పెద్దమనిషి అనేసరికి ఉబ్బిపోయాను. ఇల్లు వాళ్లకు వదిలేసి నా దగ్గరికి వచ్చి ఉండమని అక్కకు నచ్చజెప్తానని మాటిచ్చేశాను. సిగ్గులేని కడుపు!

మరునాడు మధ్యాహ్నం పులివెందుల వెళ్లి తలుపు తట్టాను. లోపల రోకటి చప్పుడు ఆగింది గానీ తలుపు తెరుచుకోలేదు. నా భోజనం సంగతి అప్పటికే ఆమె చెవిన పడిందని ఊహించే తెలివి నాకెక్కడిది? సొంత అక్క ఇంటికి మొహమాటమేంటని పెరటి గోడ దూకాను. దూకానని చెప్పుకోవడం కూడా గొప్పే, పొట్ట మీద జారాను. పెరట్లో మిరపకాయలు దంచడం ఆపి నిలబడ్డ అక్క రోకలెత్తి భుజం మీద ఒక్కటిచ్చింది. కూలబడ్డాను.

"అక్కా, నేను!"

"నువ్వే అని సూసే కొట్టినా అబ్బీ." రోకలి గోడకు ఆనించింది. "పడినోణ్ణి కొట్టగూడదంటివి గదా, ఇంగ కొట్టను. వాళ్లయినా ఇన్నాళ్లూ వాకిట్లో నిలబడే అడిగినారు. గోడ దూకింది నువ్వొకడివే."

భుజం మంట కంటే ఆ మాటకు ఎక్కువ ఏడుపొచ్చింది. అక్క నన్ను రెక్క పట్టుకుని లేపి, ఇంట్లోంచి నడిపించి, వీధి గడప దాటించి తలుపేసింది. ఇప్పుడు తట్టమంది. తట్టాను.

"ఎవరి తరపున వచ్చినావు?" లోపలి నుంచి అడిగింది.

కోర్టులో రోజూ గడగడా చెప్పే జవాబే.

"నీ తరపునే అక్కా" అన్నాను.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె గడియ తియ్యలేదు.