పగటిపూట పారేయని తొక్కలు

దుబాయ్ నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్ళాలనుకునేవాళ్ళు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. వెళ్ళడానికి దుబాయ్‌లోనే దేరా పేటలో, ఖోర్ ఫక్కాన్ దారిలో ఉన్న ఫుజైరా వెళ్ళే మినీబస్సు దొరుకుతుంది, రావడానికి దొరకదు. ఆ బస్సులకి ఇక్కణ్ణించి జనాన్ని తీసుకెళ్ళే పర్మిషన్ ఉందిగాని, అక్కణ్ణించి తెచ్చే పర్మిషన్ లేదట. తిరుగు ప్రయాణానికి షేర్ టాక్సీయే గతి. అది తెలియక మా వర్క్‌షాపు కుర్రాళ్ళు ఫుజైరా రోడ్డు మీద ఎండలో నిలబడి నాకు ఫోన్లు చేసిన సందర్భాలున్నాయి. నేను మాత్రం అన్నీ కనుక్కునే బయల్దేరాను.

నేను జెబెల్ అలీలో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. కాపురం సత్వాలో. సొంతూరు కాకినాడ. 2004 జనవరిలో మా చిన్నతాత సూరన్న, అంటే మా తాత తమ్ముడు, విజిట్ వీసా మీద మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటినా చేతికర్ర ముట్టడు. మా అమ్మాయిని చూడాలనుందని చెప్పి వచ్చాడు. చూశాడు, ఎత్తుకున్నాడు, వారం తిరక్కుండానే అసలు సంగతి బయటపెట్టాడు. మా వర్క్‌షాపులో బొంబాయి కింద రత్నగిరి జిల్లావాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. సగంమంది వాళ్ళే అన్నాను. అయితే ఇబ్రహీం టండేల్ అనే మనిషి బతికున్నాడేమో కనుక్కోమన్నాడు.

ఇక్కడ చిన్నతాత అలవాటొకటి చెప్పాలి. కూరగాయ తొక్కగాని పండు తొక్కగాని ఆయన పగటిపూట పారేయడు. కాగితంలో చుట్టి దాచుకుని, పొద్దు గూకాక తీసుకెళ్ళి పడేసి వస్తాడు. మన ఇళ్ళలో దీపాలు పెట్టాక చెత్త బయట వేస్తే లక్ష్మి వెళ్ళిపోతుందంటారు కదా, ఈయనది సరిగ్గా దానికి అడ్డం. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చిన్నమామ్మ దీని మీద ఆయనతో పోట్లాడుతూనే ఉంది. మేమంతా నవ్వుకునేవాళ్ళం. పడుచుతనంలో ఓడల్లో పనిచేశాడు, అక్కడ పట్టిన పిచ్చి అనుకునేవాళ్ళం.

మా వెల్డరొకడు రత్నగిరిలో వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి, ఆ నోటా ఈ నోటా ఆరా తీశాడు. ఇబ్రహీం టండేల్ బతికే ఉన్నాడు. అదీ రత్నగిరిలో కాదు, ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేసే మనవడి ఇంట్లో, మాకు మూడు గంటల దూరంలో. ఆ మాట చెబితే చిన్నతాత ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన వెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి సత్వా నుంచి టాక్సీలో దేరా చేరాం. మా ఆవిడ పులిహోర, నాలుగు కమలాపళ్ళు కట్టి ఇచ్చింది. మినీబస్సు నిండితేగాని కదలదు. మనిషికి పాతిక దిర్హాములు. డ్రైవరు పెషావర్ పఠాన్, పెద్దాయన్ని చూసి కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు. మా పక్కన జగిత్యాల మనిషి మల్లేశం కూర్చున్నాడు. ఫుజైరా దగ్గర కంకర క్వారీలో పని, రాత్రి దేరాలోనే నైఫ్ అనే పేటలో చుట్టాల రూములో పడుకుని వస్తున్నాడట. తెలుగు వినపడగానే మాతో కలిసిపోయాడు. పెద్దమనిషిని ఏడికి తీసుకపోతున్నవన్నా అని అడిగితే, నాకూ సరిగ్గా తెలియదన్నాను. నిజంగానే అప్పటికి నాకు తెలియదు.

షార్జా దాటి ఎడారి రోడ్డు ఎక్కాక చిన్నతాత తనంతట తనే మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. పెద్ద యుద్ధం రోజుల్లో అమెరికా వైపు నుంచి ఇంగ్లండుకి గోధుమలు, నూనె, మందుగుండు అట్లాంటిక్ దాటి వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళే ఓడల్ని జర్మనీ జలాంతర్గాములు ముంచేసేవి. అందుకని పదులకొద్దీ సరుకు ఓడల్ని ఒకచోట చేర్చి, వరసలు కట్టి, చుట్టూ కాపలా ఓడలు పెట్టి నడిపించేవారు. అన్నిటికంటే నెమ్మదిగా పోయే ఓడ ఎంత వేగంతో పోతే అందరూ అంతే. రాత్రి చుట్ట వెలిగించకూడదు. పగలు పొగగొట్టంలోంచి నల్లపొగ రాకూడదు. వంటగది చెత్త చీకటి పడ్డాకే సముద్రంలో వేయాలి. పగలు వేస్తే అది నీళ్ళ మీద తేలుతూ దారి చూపిస్తుంది, దాని వెంబడే శత్రువు వచ్చేస్తాడు. ఏ ఓడకి దెబ్బ తగిలినా పక్క ఓడ ఆగకూడదు.

మా చిన్నతాత కలకత్తాలో ఓడెక్కినప్పుడు ఇరవై ఏళ్ళవాడు. ఆ ఓడ తర్వాత అట్లాంటిక్‌లో అలాంటి వరసలోనే నడిచింది. మన దేశపు పనివాళ్ళకి వండిపెట్టే భండారీ దగ్గర చేతికింద మనిషి. ఆ భండారీ తాళ్ళరేవు వెంకన్న, మా వైపు మనిషే. ఉల్లిపాయ కోయడం దగ్గర్నుంచి ఈయనకి అన్నీ నేర్పింది వెంకన్నే.

"మూడ్రోజులు తుఫాన్రా. చెత్తడబ్బా నిండిపోయి వంటగదంతా దొర్లుతా ఉంది. వెంకన్న పడుకున్నాడు. మజ్జానం పూట ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి సముద్రంలో పోసేశాను. ఉల్లిపాయ తొక్కలు ఎర్రగా వరసకట్టి వెనక్కి పోతా ఉన్నాయి. సాయంత్రానికి ఓడ లేదు. వెంకన్నా లేడు" అన్నాడు.

చిన్నతాతని, మునిగినవాళ్ళని ఏరుకోవడానికి వెనక వచ్చే రక్షణ ఓడ తీసుకుంది. టండేల్‌ని ఒక కాపలా ఓడ తీసుకుంది. మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. ఇబ్రహీం టండేల్ ఆ ఓడలోనే ఇంజను గదిలో బొగ్గు వేసేవాళ్ళకి పెద్ద. ఓడ సంగతులన్నీ తెలిసినవాడు. ఓడ మునిగింది తన వల్లేనా అని అతన్ని అడగాలి. దుబాయ్ వచ్చింది ఆ ఒక్క మాట కోసం.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళప్పుడు జరిగినదాన్ని పట్టుకుని ఇంతకాలం నలుగుతాడా మనిషి అని గట్టిగానే అన్నాను. మల్లేశం నాలా కోప్పడలేదు.

"తాతా, గిప్పుడు ఆయన అవును నీ వల్లనే మునిగింది అంటే ఏం జేస్తవ్?" అన్నాడు.

"ఏం చేస్తానయ్యా, విని వచ్చేస్తాను."

దారిలో మసాఫీ అనే ఊళ్ళో రోడ్డుకి అటూ ఇటూ పళ్ళ కొట్లు, తివాచీల కొట్లు ఉంటాయి. శుక్రవారం బజారని పేరేగాని వారమంతా తెరిచే ఉంటుంది. బస్సు పది నిమిషాలు ఆగింది. చిన్నతాత కమలాపండు ఒలుచుకు తిని, తొక్కని ప్లాస్టిక్ కవర్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్కనే చెత్తడ్రమ్ము ఉంది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

కొండల్లోంచి మెలికలు తిరిగి పదవుతుండగా ఫుజైరాలో దిగాం. మల్లేశం చిన్నతాత రెండు చేతులూ పట్టుకుని, పైలంగ పొమ్మని చెప్పి వెళ్ళాడు. అక్కణ్ణించి టాక్సీలో సముద్రం పక్కనే ఖోర్ ఫక్కాన్‌కి అరగంట. ఈ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి. నూనె నింపుకోవడానికి వచ్చిన ఓడలు లంగరు వేసుకుని కంటికి అందినంత మేర నిలబడి ఉంటాయి. చిన్నతాత టాక్సీ ఆపించి దిగాడు. ఇన్ని ఓడలు ఒక్కచోట మళ్ళీ ఇవాళే చూస్తున్నానన్నాడు. కాసేపు చూసి, వరసలు సరిగ్గా లేవని తప్పు కూడా పట్టాడు.

జుమ్మా నమాజు అయ్యేదాకా ఎవరింటికీ వెళ్ళకూడదు కాబట్టి బీచ్‌లో కూర్చుని పులిహోర తిన్నాం. ఒంటిగంటన్నరకి టండేల్ మనవడు అక్బర్ వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళాడు. పోర్టు వెనక చిన్న ఇల్లు. ముందుగదిలో మంచం మీద, దిండుకి ఆనుకుని ఇబ్రహీం టండేల్ ఉన్నాడు. చిన్నతాత కంటే పెద్దవాడు. చూపు బాగా తగ్గింది. చిన్నతాత పేరు చెప్పి, ఓడ పేరు చెప్పాడు. ఆయన చెయ్యి చాపి చిన్నతాత ముఖం తడిమాడు.

"వంటగది సూరన్న. రొట్టెలు మాడ్చేవాడివి" అన్నాడు హిందీలో.

వాళ్ళ హిందీ ఓడల్లో నేర్చినది, నాకు సగమే తెలిసేది. మిగతాది అక్బర్ అందించాడు. యోగక్షేమాలు లేవు, పిల్లాజెల్లా మాటలు లేవు. చిన్నతాత నేల మీద కూర్చుని, మంచం పట్టె పట్టుకుని, మొత్తం చెప్పేశాడు. చెత్తడబ్బా, తొక్కలు, వెంకన్న. చెప్పి తల దించుకున్నాడు. ఈ ముసలాయన అవునంటే నేను చిన్నతాతని ఎలా ఇంటికి తీసుకెళ్ళాలిరా భగవంతుడా అనుకున్నాను.

టండేల్ కోపంగా మంచం మీద లేచి కూర్చున్నాడు. ఉల్లిపాయ తొక్కలా, నీ ఉల్లిపాయ తొక్కలెవడు చూశాడు, ఆ రోజు పొగ పెట్టింది నేను అన్నాడు. తుఫానులో ఓడ వరస తప్పి వెనకబడింది, అందుకోమని పైనుంచి ఒకటే కేకలు, బొగ్గు చూస్తే సగం పొడి. తొందరలో ఎక్కువ వేయించాడు. నల్లపొగ లేచి చాలాసేపు నిలిచింది. ఆ పొగ చూసే వచ్చారు. ఇంజను గదిలో తన మనుషులు ఆరుగురూ పోయారు, తను మాత్రం గాలి కోసం పైకొచ్చి బతికాడు. ఆ రోజు నుంచి ఇంట్లో పొయ్యి పొగ లేచినా కూర్చోలేడని అక్బర్ మెల్లగా నాతో చెప్పాడు.

చిన్నతాత ఒప్పుకోలేదు. పొగ పొద్దున్నే వచ్చింది, తొక్కలు మధ్యాహ్నం పోశానన్నాడు. కాదు, పొగే తర్వాత అన్నాడు టండేల్. నీకేం తెలుసు, నువ్వు వంటగదిలో ఉన్నావన్నాడు. నువ్వు ఓడ అడుగున ఉన్నావు, నీకు సముద్రమే కనపడదు అని చిన్నతాత తిప్పికొట్టాడు. ఇద్దరూ ఓడని నేనంటే నేను ముంచానని పంతం పట్టారు. పొలం గట్టు దగ్గర తగూలా ఉంది.

అక్బర్ భార్య షబానా టీలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ట్రే కింద పెట్టి, టండేల్‌తో చాలా మర్యాదగా అంది.

"దాదాజీ, ఇంతసేపూ మీరిద్దరూ మీ పేర్లే చెప్పుకున్నారు. టార్పెడో వేసినవాణ్ణి ఒక్కరూ ఒక్క మాట అనలేదు."

చిన్నతాత నావైపు చూశాడు. తర్వాత ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే చిన్నతాత ఏడ్చేశాడు. టండేల్ ఆయన తల మీద చెయ్యి వేసి, వెంకన్న పేరూ, తన ఆరుగురి పేర్లూ ఒక్కొక్కటే పలికాడు. నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

షబానా చేపల కూర పెట్టింది. అంత బాగా తిన్న భోజనం ఈ దేశంలో నాకు ఇంకోటి గుర్తులేదు. చిన్నతాత రొట్టె తింటూ, ఇది మాడలేదు అని టండేల్‌కి చెప్పాడు. బయల్దేరేటప్పుడు ఇద్దరూ మళ్ళీ కలుద్దామని అనుకోలేదు. ఆ వయసులో అలాంటి మాటలు ఉత్తవని వాళ్ళకి తెలుసు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

మూడున్నరకి అక్బర్ తన కారులో ఫుజైరాలో దింపాడు. షేర్ టాక్సీకి నలుగురు కావాలి, మరో ఇద్దరు మలయాళీలు దొరకగానే కదిలాం. శుక్రవారం సాయంత్రం అందరూ దుబాయ్ వైపే పోతారు కాబట్టి ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఒక్క రోజులో చూసి రాగల ప్రయాణాల్లో ఇంతకంటే మంచిది ఈ దేశంలో లేదని నేను గట్టిగా చెబుతాను. కొండలున్నాయి, సముద్రం ఉంది, ఓడలున్నాయి.

మసాఫీలో డ్రైవరు టీకి ఆపాడు. చిన్నతాత దిగి, మిగిలిన ఆఖరి కమలాపండు ఒలిచాడు. సగం నాకిచ్చాడు. జేబులోంచి పొద్దున్నటి కవరు తీసి, ఈ తొక్క కూడా అందులో వేశాడు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది.

"టైమెంతయిందిరా?"

"ఐదు కాలేదు తాతా."

చిన్నతాత కవరు పట్టుకుని డ్రమ్ము దగ్గరికి నడిచాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. కవరు అందులో వేసి, రెండు చేతులూ దులుపుకుని, తిరిగొచ్చి టాక్సీ ఎక్కాడు. షార్జా దీపాలు కనపడుతున్నప్పుడు నా మోచేయి తట్టాడు.

"ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ చెత్త సంగతి మీ చిన్నమామ్మకి చెప్పకు. చివరికి తనే గెలిచానంటది" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను.