తొమ్మిది చొక్కా అంచులు

రాగి గనులు మూతపడ్డ మా ఊళ్లో, ఇనుప సామాన్ల కొట్టులోని తూటాల కౌంటరు వెనక, మా పెద్దనాన్న ఐమో హర్యు ముప్పై ఒక్క సంవత్సరాలు నిలబడ్డాడు. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది గనుక అక్టోబరు పొడుగునా ఆ కౌంటరు ముందు వరస తగ్గేది కాదు. వచ్చిన ప్రతివాడికీ పెద్ద తూటాయే కావాలి.

"ఏం, ఏనుగు కనబడిందా?" అనేవాడు పెద్దనాన్న.

"జింకే, ఐమో."

"పెట్టె మీద నంబరు జింక చదవదురా అబ్బాయ్, నీ భుజం చదువుతుంది. తుపాకీ తన్నుతుందని భుజానికి తెలిస్తే మీట నొక్కేలోపే కన్ను మూసుకుంటుంది. అప్పుడు తూటా ఎంత పెద్దదైతే ఏం, దేవదారు చెట్టుకి తగుల్తుంది."

మా చిత్తడి అడవిలో వంద గజాలకు మించి చూపు ఆనదు. అంత దూరానికి మధ్యరకం తూటా చాలునని ఆయన రుజువులతో సహా నిరూపించేవాడు. నా పద్నాలుగో ఏట నా మొదటి రైఫిలునూ ఆయనే అలా ఎంపిక చేశాడు. జిల్లాలో సగం మంది భుజాలు ఆయన సలహా మీదే క్షేమంగా ఉన్నాయి.

ఆయన భార్య సైమీ పెద్దమ్మ మాత్రం నలభై మూడేళ్లలో ఒక్క జింకనైనా కొట్టలేదు. గురి తప్పినవారి చొక్కా వెనక అంచును తోటివాళ్లు కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి, వేట గుడిసె గోడకు మేకు కొట్టడం మా వాళ్ల ఆచారం. ఒకసారి ఎక్కిన గుడ్డను దింపకూడదు. పెద్దమ్మవి తొమ్మిది ఉండేవి. "సైమీ కిటికీ తెర" అని వాటికి పేరు. ఆ పేరు పెట్టినవాడు పెద్దనాన్నే. అందరమూ నవ్వాం. నేనూ నవ్వాను.

కిందటి ఏప్రిల్‌లో ఆమె క్లోమంలో కణితి బయటపడింది. ఆకురాలు కాలం దాకా ఉండవచ్చునన్నారు వైద్యులు.

"అయితే ఒక్క జింక, ఐమో," అంది పెద్దమ్మ, కాఫీలో ఏలకుల రొట్టె ముంచుకుంటూ. "నీ తెర మీద పదో ముక్క వెయ్యకుండా పోతాను."

ఆమె బరువు అప్పటికే సగానికి పడిపోయింది. ఆమె చేతిలో ఉన్నది పెళ్లైన ఏడాది పెద్దనాన్న ఇచ్చిన, ఆయన తండ్రి వాడిన తుపాకీ, పెద్ద తూటా పట్టే థర్టీ-ఆట్-సిక్స్. దాని తన్ను ఇక ఆమె తట్టుకోలేదు. ఆయన మే, జూన్ నెలలు ఆ ఒక్క ప్రశ్న మీదే గడిపాడు. టూ-ఫార్టీ-త్రీ రకం తూటా తన్ను మెత్తనిదే, కానీ గుండు చిన్నది. జింక ఓరగా నిలబడితే గాయంతో పారిపోతుంది, దాని వెంట నడిచే శక్తి ఈమెకు లేదు. మరీ పెద్దవి ఆ భుజానికి ఎక్కువ. చివరకు నడిమిరకమైన టూ-ఫిఫ్టీ-సెవెన్ రాబర్ట్స్ తూటా పట్టే పాత రైఫిలొకటి వెతికి తెచ్చి, తుపాకిమందు తానే కొలిచి, తూటాలు తానే నింపాడు.

ఆగస్టులో కంకర గోతిలో, ఇసుక సంచుల మీద రైఫిలు ఆనించి ఆమె మూడు సార్లు పేల్చింది. గురి పెట్టిన అట్టముక్క తేవడానికి నేను వెళ్లాను. మూడు రంధ్రాలనూ ఒక కప్పు మూతతో కప్పవచ్చు.

పెద్దనాన్న ఆ అట్టను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నీకు గురి ఉంది," అన్నాడు.

"ఎప్పుడూ ఉంది."

"మరి ఆ తుపాకీ... నొప్పెట్టేదా?"

"పెట్టకేం? డిసెంబరు దాకా భుజం నల్లగా ఉండేది. మీట దాకా వేలు వెళ్లగానే కళ్లు వాటంతటవే మూసుకునేవి."

"చెప్పలేదేం?"

"మా ఇంట్లో నొప్పని చెప్పడం ఎవరు నేర్పారు? అయినా అది నా చేతికిచ్చినప్పుడు నీ మొహం నువ్వు చూసుకున్నావా? ఊరందరి భుజాలూ అడిగావు. నాది అడగలేదు. పోనీలే, కాఫీ పొయ్."

ఫ్లాస్కు మూత ఆయన చేతికి తిరగలేదు. నేను తీసి ఇచ్చాను. బాధను దాచుకోవడాన్ని మా వాళ్లు ధైర్యమంటారు. న్యాయశాస్త్రంలో నేను చదివినంత మేరకు, అడగవలసిన బాధ్యత ఉండీ అడగనివాడి మౌనం కూడా దోషమే. ఆ మాట నేనక్కడ అనలేదు. శిక్ష ఆయనే తనకు విధించుకుంటున్నాడు.

నవంబరు పన్నెండున, వేటకు మూడు రోజుల ముందు, పెద్దమ్మ పోయింది. రైఫిలు ఆమె మంచానికి ఆనించే ఉంది. ఇరవై తూటాల పెట్టెలో పదిహేడు మిగిలాయి.

ఖననం పద్దెనిమిదికి పెట్టుకున్నారు. పదిహేనవ తేదీ ఉదయం పెద్దనాన్న తుపాకీ లేకుండా, ఒక్క సుత్తితో వేట గుడిసెకు వచ్చాడు. వస్తూనే పెద్దమ్మ గుడ్డల్లో మొదటిదాని మేకు పీకాడు.

"ఐమో," అన్నాడు ఆయన స్నేహితుడు వర్నర్, మెల్లగా. "గోడ మీది గుడ్డ తియ్యకూడదు. నీకు తెలుసుగా."

"గురి తప్పింది ఆవిడ కాదు, వర్నర్."

తొమ్మిదీ తీసి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. శవపేటికలో ఆమె కుడి భుజం కింద పెట్టడానికని మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ ఉదయం మాత్రం, గుడిసెలోనే, తన చొక్కా అంచు బయటకు లాగి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"కానియ్. ఎవరిది వాళ్లు కోసుకోకూడదుగా."

ఎవరూ నవ్వలేదు. వర్నర్ కత్తెర తీసుకున్నాడు. అంచు వంకరగా తెగింది. కలం మూత తీసి అడిగాడు.

"ఏ సంవత్సరం వెయ్యమంటావ్?"

"పందొమ్మిది వందల ఎనభై ఒకటి," అన్నాడు పెద్దనాన్న. అది వాళ్ల పెళ్లైన ఏడాది, ఆ తుపాకీ ఆమె చేతికిచ్చిన ఏడాది.