లాల్‌పేట్‌లో గరిట పట్టుకున్న మధ్యాహ్నాలు

మా అన్న రాజం ఇల్లు విడిచి అప్పటికి నాలుగు నెలలు. బెల్లంపల్లి గనిలో కాంట్రాక్టు పని పోయాక నలుగురిలో ముఖం చెల్లక ఇంట్లోనే కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. జిల్లాలను విడగొట్టిన ఏడాది అది. ఠాణాకు ఎప్పుడు వెళ్ళినా "కొత్త జిల్లా అయింది కదమ్మా, కాగితాలు ఇంకా రాలే" అనేవారు. కాగితాలు ఎక్కడ తిరుగుతున్నాయో, మా అన్న ఎక్కడ తిరుగుతున్నాడో! అప్పుడే మా ఊరి లారీ డ్రైవర్ ఒకతను చంద్రాపూర్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడి లాల్‌పేట్‌లో మన తెలుగువాళ్ళ చర్చి దగ్గర ఇల్లూవాకిలీ లేనివాళ్ళకు రోజూ మధ్యాహ్నం అన్నం పెడతారనీ, ఆ వరుసలో అన్నలాంటి మనిషిని చూశాననీ చెప్పాడు. నాలాగే మనిషిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాకు ఓపిక తక్కువ. ఆరున్నర ప్యాసింజర్‌కు ఐదింటికే బెల్లంపల్లి స్టేషన్‌లో ఉన్నాను. బల్లార్షాకు టికెట్ ముప్పై రూపాయల లోపే, ప్రయాణం రెండు గంటలు. నాకైతే రెండు రోజులనిపించింది. విరూర్ దగ్గర 'మహారాష్ట్రకు స్వాగతం' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చేసరికి నాలుగుసార్లు సీటు మారాను. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ "కూసో బిడ్డా, నువ్వు లేస్తే బండి ఉరుకుతదా?" అని నవ్వింది.

బల్లార్షా స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి. ముప్పై రూపాయలు తీసుకుని లాల్‌పేట్ మలుపులో దింపారు. చర్చి పేరు చెప్పగానే డ్రైవర్ అద్దంలో నన్ను చూసి "ఎవల్నన్న ఎతుకుతున్నవా అక్కా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఎస్తేరమ్మ చెప్పినట్టు ఇను, గంతే," అన్నాడు.

ఎస్తేరమ్మ అక్కడ వంట చూసే మనిషి. వాళ్ళాయన గని పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. ఆ చర్చి ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి చర్చిలో ఇస్తారు. వారమంతా వండేది ఆ బియ్యమే. ఒక ఇంటి నుంచి దొడ్డువి, ఇంకో ఇంటి నుంచి సన్నవి. ఆమె దొడ్డు బియ్యం ముందు వేసి, అవి సగం ఉడికాక సన్నవి పోస్తుంది.

నేను పర్సులోంచి అన్న ఫోటో తీయబోతే ఆపేసింది. "లోపల పెట్టు. ఎతుకవచ్చినోళ్ళు ఈడ గరిట పట్టి వడ్డించాలె. అందరి మొఖాలు కనవడ్తయి. నీ మనిషి కనవడ్డా పేరు వెట్టి పిలువకు. తిననియ్యి. ఇదివరకు ఒకాయన ఫోటో పట్టుకొని వరుసంత తిరిగిండు. వారం దాక సగం మంది అన్నానికే రాలె."

సరేనన్నాను. పన్నెండున్నరకు రేకుల షెడ్డు కింద వరుస మొదలైంది. పదిహేను మందికి వడ్డించానేమో, తలెత్తితే ఎదురుగా అన్న. గడ్డం, ఎవరిదో వదులు చొక్కా. నా నోరు ఆగితే కదా!

"రాజన్నా!" అని అరిచాను.

పళ్ళెం కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు లేచారు. ఎస్తేరమ్మ కోపంగా నా చేతిలో గరిట లాక్కుంది. "నీకు ఒక్కడే కనవడ్డడు. ఐదుగురు ఉపాసం పోయిండ్రు, సూడు."

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం దాకా గని రోడ్డు, బస్టాండ్, రైల్వే స్టేషన్ కాళ్ళరిగేలా తిరిగాను. ఎక్కడా లేడు. చేతులారా పోగొట్టుకున్నానని ఒక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. చివరికి పొద్దున నేనిచ్చిన నంబరుకు ఎస్తేరమ్మ తానే ఫోన్ చేసి "మా ఇంటికి రా, రేపు మళ్ళ నిలవడుదువు" అంది. ఆ రాత్రి వాళ్ళింట్లో ఎసరు పెట్టింది నేనే. ముందు నా చేత పిడికెడు బియ్యం డబ్బాలో వేయించి మరీ వండనిచ్చింది.

మర్నాడు, ముందురోజు వరుసలోంచి వెళ్ళిపోయిన నలుగురూ ఒక్కొక్కరే వచ్చారు. అన్న రాలేదు. గిన్నె అడుగు కనబడుతోంది. ఒంటిగంటన్నరకు, ఇక సర్దేద్దామనుకుంటుంటే, షెడ్డు చివర కనిపించాడు. నేను తల దించుకున్నాను. పళ్ళెం ముందుకొచ్చింది. ఆ వేళ్ళు చూస్తూనే అన్నం పెట్టి పచ్చిపులుసు పోశాను. తొందరలో కొంత కింద ఒలికింది. పళ్ళెం కదలలేదు.

"ఇంకింత పొయ్యి, పద్మా."

పోశాను. నోరు మాత్రం విప్పలేదు. ఆయన గోడవారన కూర్చుని మొత్తం తిన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఐదు రోజులు వడ్డించాను, ఆరో రోజు ఆయనే పోదామంటే ఇద్దరం రైలెక్కాం. నాలుగు నెలలు అన్నను వెతికానే గానీ, ఆయనకు నా ఎదుట నిలబడే ధైర్యం రావడానికి కొంత సమయం కావాలని ఒక్కసారీ అనుకోలేదు. ఇప్పటికీ నాకు ఓపిక తక్కువే. కానీ మా ఇంట్లోనూ ఇప్పుడొక బియ్యం డబ్బా ఉంది, పిడికెడు తీసి వేసేది అన్నే. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: తిరుగు టికెట్ ముందే కొనకండి. అక్కడ మీరు పేరు పెట్టి పిలవకండి, వాళ్ళు మిమ్మల్ని పిలిచేదాకా ఆగండి.