ఆవిడ సరిచేసిన కాటా

మా అమ్మాయికి పని నేర్పిన అంగన్‌వాడీ టీచరమ్మ గారు పోయారండి. దివిసీమ నుంచి ఆ కబురు వచ్చేసరికి నా చేతిలో బందరు లడ్డూల పెట్టె ఉంది. అమ్మాయికి అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఉద్యోగం వచ్చింది. అప్పటిదాకా కాలు నేల మీద నిలవలేదు నాకు. ముందుగా ఆవిడ నోరే తీపి చేసి, రెండేళ్లుగా దాచిన తప్పు ఒప్పుకుందామని బయల్దేరుతున్నాను.

అమ్మాయి గుడివాడలో డిగ్రీ చదివింది. పిల్లల ఎదుగుదల, కుటుంబ జీవితం దాని సబ్జెక్టు. ఆఖరి సంవత్సరం ఒక నెల దివిసీమ పల్లెలో ఈ టీచరమ్మ గారి దగ్గర ఉండి పని నేర్చుకోవాలన్నారు. ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ ఉయ్యాలలో పసిపిల్లల్ని కూర్చోబెట్టి తూస్తోంది! నేనేమో బందరు మార్కెట్లో ముప్పై ఏళ్లుగా చేపలు తూచేవాణ్ణి. ఒళ్లు మండిపోయింది.

"నేను తూచింది చాలదా? నువ్వూ కాటా పట్టాలా? దీనికా నిన్ను డిగ్రీ చదివించింది?" అని తల్లులందరి ముందూ అరిచాను. అమ్మాయి తల దించేసుకుంది.

టీచరమ్మ గారు నవ్వారు. "మీరు తూచేది అమ్మడానికి, మేం తూచేది పెంచడానికండీ అన్నయ్య గారూ. ఎండన పడొచ్చారు, కాస్త మజ్జిగ తాగండి."

తాగలేదు. అప్పుడే కాటా మీద కన్ను పడింది. ఉయ్యాల ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దాటి ఉంది. మేమైతే ఖాళీ గంప తగిలించి, ముల్లుని సున్నాకి తెచ్చాకే చేపలు వేస్తాం. ఇక్కడ గుడ్డ బరువు కూడా పిల్లల బరువులో కలుస్తోంది. బక్కపిల్లలు బాగున్నట్టే కనబడతారు. అది తెలిసీ, నాకెందుకులే అని నోరు మూసుకుని బస్సెక్కేశాను.

వారం తర్వాత అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, 'మీ నాన్నగారు కాటా వంక అలా చూశారంటే ఏదో తేడా ఉంటుందమ్మా' అని టీచరమ్మ గారు దాన్ని సరిచేయించారు. అందర్నీ మళ్లీ తూచాం. ఇద్దరు పిల్లలు బరువు తక్కువున్నారు. అందరికీ ఇచ్చే గుడ్డు కాక వాళ్లకి రోజూ రెండో గుడ్డు పెడుతున్నాం. అంతా నీ చలవేనని ఆవిడ ఊరంతా చెబుతున్నారు!"

నా చలవా! ఎంత మనిషండీ ఆవిడ! వెళ్లి నిజం చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను.

కబురు విన్నాక, ఆ లడ్డూలే పట్టుకుని ఆ అంగన్‌వాడీ కేంద్రానికే వెళ్లాను. ఒక తల్లి గుర్తుపట్టి, "కాటా బాబాయి గారు కదూ! మీరు చూడబట్టే మా బుడ్డోడు తేరుకున్నాడండీ" అంది. టీచరమ్మ గారికి చెప్పలేకపోయిన నిజం ఆ తల్లికి చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. ఈసారి తాగాను.

దూలానికి ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది. గాలికి గుడ్డ కొద్దిగా ఊగుతోంది. ముల్లు మాత్రం సున్నా మీదే ఉంది.