అడిగి కలిపిన మూరీ

నా చిన్నప్పుడు నేను బడి లోపలికి వెళ్లింది ఒక్కసారే. అదీ చదువుకోవడానికి కాదు, మూరీ అమ్మడానికి. మరమరాలను ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లం మేమూ బెంగాలీల్లాగే మూరీ అనే అంటాం. మా ఇల్లు అక్కడి ఝపటాపూర్ పేటలో, నాన్న పని రైల్వే వర్క్‌షాపులో. తమ్ముళ్లను చూసుకునే మనిషి కావాలి కనుక నన్ను బడిలో వేయలేదు.

పక్కింటి అక్క హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేది. అక్కడ చేతిపనులు నేర్పే బెంగాలీ దీదీ ఒకామె చలికాలంలో ఒకరోజు పెద్ద తరగతుల పిల్లల చేత దుకాణాలు పెట్టించేది. సరుకూ బల్లా బడి ఇచ్చేది. ఏం అమ్మాలో, ఎలా అమ్మాలో పిల్లలే తేల్చుకోవాలి. నేను మూరీ కలిపితే బాగుంటుందని అక్క నన్ను తోడు తీసుకెళ్లింది.

మేము ఇంట్లో తినేలాగే మూరీలో ఆవకాయ దండిగా కలిపేశాం. మొదట కొన్న బెంగాలీ అమ్మాయిలు పిడికెడు నోట్లో వేసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తారు. ఆ తరువాత మా బల్ల వైపు ఎవరూ రాలేదు.

"తినడం సేతకాదు గానీ మనల్ని సూసి నవ్వుతన్నారే," అని అక్క రుసరుసలాడింది.

దీదీ తిట్టలేదు. తన డబ్బాలోని పప్పు ఒక చెంచా నా నోట్లో పెట్టింది. పప్పులో చక్కెర. నేను ముఖం ముడుచుకున్నాను.

"నీ మూరీ తిన్నప్పుడు వాళ్ల ముఖం కూడా ఇలాగే ఉంది. అడిగి కలుపు," అంది హిందీలో.

ఇక ఆవకాయ పక్కన పెట్టి, వచ్చినవాళ్లనల్లా "కిత్నా ఝాల్, దీదీ?" అని ఎంత కారం కావాలో అడిగి, వాళ్ల కళ్లముందే కలిపాను.

"ఏటే, టికెట్ కలెక్టర్‌నాగ ఒక్కర్నీ వదల్టం లేదు," అని అక్క నవ్వింది. సాయంత్రానికి బేసిను ఖాళీ.

మర్నాడు దీదీ మా ఇంటికొచ్చింది. నన్ను బడిలో వేయమంది, ఫీజు తనే కడతానంది. తరువాత నావైపు తిరిగి, వస్తావా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాన్న, "ఠీక్ హై దీదీ, చూస్తాం," అని టీ ఇచ్చి పంపేశాడు.

ఆమె మలుపు తిరిగాక, "మనం రైలోళ్లం. వర్క్‌షాపు గేటు కాడ కూకుని మూరీ అమ్ముకోడం నేర్పే సదువు నీకేటి? తమ్ముడు ఏడుస్తన్నాడు, ఎల్లి సూడు," అన్నాడు. ఆ మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాన్న చెడ్డవాడు కాదు. నెల జీతం తప్ప మరో మర్యాద లేదని మా వీధంతా నమ్మిన కాలమది. అయినా తప్పు తప్పే.

అక్షరాలు ముసలితనంలో మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు దాని హైస్కూల్లో పిల్లలకు సరుకిచ్చి, సలహా చెప్పే మనిషినిచ్చి వ్యాపారం నేర్పుతున్నారు. మంచి పనే. కానీ అమ్ముకోవడంలో చిన్నతనం లేదని ముందు ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు నేర్పండి అంటాను నేను.

ఇంటికొచ్చినవాళ్లకు ఏది పెట్టినా ఎలా కావాలో అడిగే పెడతాను, ఇప్పటికీ. ఆ రోజు దీదీ నన్నూ అడిగింది. ఆ జవాబు మాత్రం ఇంకా నా నోట్లోనే ఉంది.