అడగని పాటకు బిల్లు

కూర్మనాథం అరసవల్లిలో డోలు వాయిస్తాడు. వంతు వచ్చినప్పుడు గుళ్లో, మిగతా రోజుల్లో పెళ్లిళ్లలో. ఆయన నంబరు చీపురుపల్లి దాకా పురోహితులందరి దగ్గరా ఉంటుంది. ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఆ నంబరుకే చేస్తారు. దొరక్కపోతే ఇంకో మేళం చూసుకుంటారు.

ఆ రోజు చీపురుపల్లి పెళ్లివారు మేళం కుదుర్చుకునేదీ లేనిదీ చెబుతామన్నారు. ఫోను కంపెనీ మాత్రం, బిల్లు కట్టకపోతే సాయంత్రం లైను పూర్తిగా ఆపేస్తామని మెసేజీ పెట్టింది. బయటికి చేసే కాల్స్ అప్పటికే ఆగిపోయాయి. బిల్లులో సగానికి పైగా ఎవరో బయటి కంపెనీవాళ్ల పాటలవి. ఆయనకు ఫోన్ చేసినవాళ్లకు పూటకో సినిమా పాట వినిపించేది. అడగని పాటలకు కట్టనని ఆయన భీష్మించుకున్నాడు.

సాయంత్రం కావస్తుంటే బావమరిది త్రినాథ్‌ని వెంటబెట్టుకుని టౌన్లో ఆ ఫోను కంపెనీ షాపుకు వెళ్లాడు. మేళంలో సన్నాయి త్రినాథ్‌దే. కౌంటర్లో రేఖ అనే అమ్మాయి కంప్యూటరు చూసి, "ఇవన్నీ మీ ఫోన్లో నొక్కితేనే వచ్చాయి బాబాయ్" అంది.

"నేను నొక్కనేదమ్మా. పచ్చ బటనూ ఎర్ర బటనూ తప్ప నాకేటీ తెలీదు."

"ఇంట్లో ఎవరైనా?"

"నా ఫోను మా ఆవిడ కూడా ముట్టదు."

"ముట్టదేటి, ముట్టనివ్వడు" అన్నాడు త్రినాథ్.

షాపు మూసేలోగా ఫిర్యాదు నమోదైతే పేచీ ఉన్న డబ్బు పక్కన పెట్టి, మిగతాది కట్టించుకుంటారు. లైను ఆగదు. అందుకు ఆయన ఫోను నుంచే కస్టమర్ కేర్‌కు చేయాలంది రేఖ. ఆ ఒక్క కాలూ ఇంకా వెళుతుంది.

ఏళ్ల తరబడి డోలు మోతకు ఆయన చెవులు మొద్దుబారాయి. స్పీకరు పెట్టి, ఫోను ఎడమ చేత్తో ముఖం ముందు పట్టుకుంటాడు. వేచి ఉండమని చెప్పి అవతల పాట మొదలుపెట్టారు. కాసేపటికి పాట తెగింది. మీ ఎంపికకు ధన్యవాదాలంటూ కాల్ కట్టయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"కావాలనే కోసేస్తన్నార్రా" అన్నాడు కూర్మనాథం. అటెండరు అప్పటికే ఒక షట్టరు దించేశాడు.

మూడోసారి చేస్తుంటే రేఖ ఆయన చేతివైపు చూసింది. పాటలో దెబ్బ పడిన చోటల్లా ఎడమ బొటనవేలు కింది మూల బటన్ మీద పడుతోంది. డోలు పుల్ల పట్టే చెయ్యి అది.

"బాబాయ్, ఆ వేలు ఆపండి."

ఆయన వేలివైపు చూసుకున్నాడు. అవతలివాళ్ల ఫోన్లో పాట మోగుతున్నప్పుడు ఆ స్టార్ బటన్ నొక్కితే, అదే పాట మన ఫోన్‌కీ పెట్టేసి డబ్బులు వేస్తారని రేఖ మెల్లగా చెప్పింది. ఫోను తనే తీసుకుని కౌంటర్ మీద పెట్టింది.

త్రినాథ్ బావ చెవి దగ్గరికి వంగాడు. "నొక్కనేదనే సెప్పు బావా. సూసింది ఈ పిల్లొక్కర్తే."

ఈసారి లైను కలిసింది. అవతలి కుర్రాడు విషయం విని, "స్టార్ మీరే నొక్కారా సార్?" అని అడిగాడు.

కూర్మనాథం త్రినాథ్‌వైపు చూడలేదు. "నొక్కింది నా ఏలే బాబూ. పాట కావాలని నేను అడగనేదు. దరువేసుకున్నాను. రెండూ రాసుకో."

"దరువంటే?"

"ఆయన డోలు వాయిస్తారు" అంది రేఖ. "ఇందాక మీ పాటకీ వేశారు. రెండుసార్లు కాల్ పోయింది, చూసుకోండి."

అవతల కీబోర్డు టకటకలాడింది. కుర్రాడు, "అవునండీ, కాల్ పొడుగునా స్టార్లే ఉన్నాయి" అన్నాడు. పాటలు ఆపేసి, ఆ డబ్బు సంగతి విచారణకు పంపుతున్నానని చెప్పాడు. తిరిగి ఇస్తామని మాత్రం అనలేదు.

మిగతా బిల్లు కట్టారు. లైను తెరుచుకోగానే కూర్మనాథం చీపురుపల్లికి చేశాడు. అవతల హుషారు పాట అందుకుంది. ఆయన ఎడమ బొటనవేలిని పిడికిట్లో బిగించాడు. పాట సగం దాటినా ఎవరూ ఎత్తలేదు.

"ఇంకోళ్లకి ఇచ్చీసుంటారు" అన్నాడు త్రినాథ్.

"నోర్ముయ్."

అవతల పెద్దాయన గొంతు పలికింది. "ఏటయ్యా, పొద్దుట్నించీ సూస్తన్నాం. మీ మేళం మాకు నచ్చిందని సెప్పమని కబురెట్టాం కదా, మీ పంతులు సెప్పనేదా? సన్నాయి కూడా వస్తాదా?"

"వస్తాది" అన్నాడు త్రినాథ్, బావ కంటే ముందే.